పెట్టెలు పెంచితే పిచ్చుకలు పెరుగుతాయా? మా పర్లాకిమిడి వీధి ప్రాజెక్టు డైరీ

2024 జనవరి 17

కనుమ మర్నాడు. అరిసెలు ఇంకా మిగిలున్నాయి, ట్యూషన్‌కి పిల్లలు ఎలాగూ రారు, ఇంతకంటే మంచి రోజు దొరకదని ఇవాళే మొదలుపెట్టేస్తున్నాను. గిడుగు రామమూర్తి గారు తిరిగిన ఊరు మాది, కాబట్టి నోటికి వచ్చినట్టే రాస్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

పని ఏమిటంటే మా వీధిలో పిచ్చుకల సంఖ్య పెంచడం. వీధి పెద్దదేం కాదు, పొడవు రెండు వందల గజాలు, ఒక యాభై గడపలు. సగం మంది పిచ్చిక అంటారు, సగం మంది ఒడియాలో ఘరచటియా అంటారు, పిట్ట మాత్రం ఒకటే. గత మూడు రోజులూ పొద్దున్నే ఆరున్నరకి వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ లెక్కపెట్టాను: 19, 22, 21. ఇందులో పెద్ద అంకె తీసుకుంటున్నాను, 22. ఇక మీదట ఏ లెక్కైనా ఇదే పద్ధతి, లేకపోతే పోల్చడానికి కుదరదు.

ఎందుకు తక్కువున్నాయో నాకు తెలుసనే నా ధీమా. నా చిన్నప్పుడు ఈ వీధిలో అన్నీ పెంకుటిళ్ళే. పెంకుకీ వాసానికీ మధ్య పిడికెడు సందు ఉండేది, అందులోంచి గడ్డిపరకలు రాలి కంచంలో పడుతుంటే మా నాయనమ్మ తిట్టుకుంటూనే తీసి పారేసి అన్నం తినేది. తర్వాత ఒక్కొక్క ఇల్లూ శ్లాబు అయింది. మిగిలిన పెంకుల్ని 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను ఎత్తుకుపోయింది, ఆ తర్వాత ఎవరూ మళ్ళీ పెంకులు వేయలేదు, డబ్బున్నవాళ్ళు శ్లాబు పోశారు, లేనివాళ్ళు రేకులు దించారు. శ్లాబులో సందు ఎక్కడుంది? అంటే వీటికి కరువైంది ఇల్లు, ఇల్లు ఇస్తే సరిపోతుంది. ఇదీ నా థియరీ.

సెల్ టవర్ వల్ల చచ్చిపోతున్నాయి మాస్టారూ అని ట్యూషన్ పిల్లలు వాదిస్తారు. వీధి మలుపులో టవర్ కిందున్న మీటర్ గదిలోనే ఒక జంట కాపురం ఉంది, వెళ్ళి చూసుకోమన్నాను. అసలు 2020లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక చూస్తే, దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య పాతికేళ్ళుగా దాదాపు నిలకడగానే ఉందని, ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గిందని రాశారు. అంతరించిపోతున్నాయన్న గోల కొంచెం ఎక్కువే. కానీ మా వీధిలో తగ్గిన మాట నిజం.

2024 జనవరి 29

ఆచారి గారి షెడ్లో రెండు ఆదివారాలు గడిచాయి. 8 చెక్క పెట్టెలు, కుమ్మరి వీధి నుంచి పక్కన కన్నం పెట్టించిన 4 చిన్న కుండలు, మా మేనల్లుడి ఐడియాతో 2 పెయింట్ డబ్బాలు, మొత్తం 14. పెట్టె లోపల కొలత 5 అంగుళాలకి 5, ఎత్తు 8. కన్నం అంగుళంపావు. రెండంగుళాలు పెడితే అందంగా ఉంటుంది కదండీ అని ఆచారి గారు గొణిగారు, అంత పెడితే గోరింక దూరుతుందండీ అన్నాక హోల్ సా మార్చారు. కన్నం కింద కూర్చోడానికి పుల్ల పెట్టొద్దు, అది పిచ్చుకకి అక్కర్లేదు, కాకికే పనికొస్తుంది. అడుగున నాలుగు చిన్న కన్నాలు, నీళ్ళు దిగడానికి.

ఎదురింటి మామ్మ గారి గోడకి మేకు కొడుతుంటే అడిగింది, "ఏటి బాబూ, పిచ్చికలకి కూడా అద్దె కొంపలు కడతన్నావా?" అద్దె లేదు మామ్మా, ఉత్తినే అన్నాను. "అయితే నాకూ ఒకటి కట్టు" అంది.

రాత్రి కూర్చుని ఒక లెక్క వేశాను, లెక్కల మాస్టారు జబ్బు. పిచ్చుక ఏడాదికి రెండు నుంచి నాలుగు విడతలు గుడ్లు పెట్టగలదు, మూడు అనుకుందాం. విడతకి ముగ్గురు పిల్లలు బతికి ఎగిరారనుకుందాం. జంట నుంచి 9, జంటతో కలిపి 11. అంటే ఏడాదికి ఐదున్నర రెట్లు. ఏదీ చావకపోతే 22 కాస్తా ఏడాదికి 121, మూడో ఏటికి 3,660, ఐదో ఏడు ముగిసేసరికి లక్షా పది వేలు, మా వీధిలో. అలా ఎక్కడా జరగదు కాబట్టి ఏదో ఒకటి అడ్డుపడుతోంది. ఆ అడ్డు దేనితో చేసిందో చూడాలన్నదే ఈ ప్రాజెక్టు అని ఇప్పుడు అర్థమైంది నాకు.

2024 మార్చి 20

ఇవాళ ప్రపంచ పిచ్చుకల దినోత్సవం, 2010 నుంచి జరుపుతున్నారు. మా దగ్గర కేకులూ బ్యానర్లూ ఏం లేవు, 6 పెట్టెల్లో గడ్డి చేరింది, అదే పండగ.

2024 ఏప్రిల్ 23

రాయాలనిపించడం లేదు కానీ రాయాలి. రెండు పెయింట్ డబ్బాల్లో ఒకదాంట్లో నాలుగు పిల్లలు చచ్చిపోయాయి. పడమటి గోడ, మధ్యాహ్నం ఎండ సూటిగా. ఈ నెల ఒడిశా అంతా నిప్పుల కుంపటి అయినప్పుడు నాకు తట్టనే లేదు. చేప తొట్టె కోసం కొన్న తీగ ఉన్న థర్మామీటర్ తెచ్చి పెట్టి చూశాను: బయట నీడలో 40 డిగ్రీలు, చెక్క పెట్టెలో 42, కుండలో 39, డబ్బాలో 48. మా మేనల్లుడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, తప్పు వాడిది కాదురా, మేకు కొట్టింది నేను అని చెప్పాను. రెండు డబ్బాలూ పీకేశాను. 12 మిగిలాయి, పడమటి వైపున్న చెక్క పెట్టెలు మూడింటిని తూర్పుకి మార్చాను, గుడ్లు లేనివి చూసుకుని.

ఎవరైనా చేసేపనైతే డబ్బాలొద్దు. కుండలే మేలు, చవక కూడా.

2024 జులై 6

మొదటి విడత లెక్క తేలింది. 12లో 9 నిండాయి. సెల్ఫీ కర్రకి ఫోను కట్టి వారానికి ఒక్కసారే ఫోటో తీశాను, పిల్లలకి ఈకలొచ్చాక అసలు దగ్గరికి పోలేదు, భయపడి ముందే దూకేస్తాయి. పొదగడానికి 11 నుంచి 14 రోజులు, ఎగరడానికి ఇంకో రెండు వారాలు. 39 గుడ్లలో 27 పిల్లలు ఎగిరాయి, గూటికి సరిగ్గా మూడు! నా జనవరి రాత్రి లెక్కకి దేవుడు సంతకం పెట్టినట్టు అనిపించింది.

నిన్నటి వీధి లెక్క 41.

2024 నవంబర్ 18

గాలి తీసేసిన లెక్క. వానలు, కాకులు, డేగ ఒకటి, అన్నీ అయ్యాక వీధిలో 36. సరే, 22 నుంచి 36 అంటే ఇంకా గొప్పే కదా అని ట్యూషన్‌లో బోర్డు మీద రాస్తే, పన్నెండో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: మాస్టారూ, ఇవి మన వీధిలో పుట్టినవేనా, పక్క వీధి నుంచి వచ్చి చేరినవా?

నోట మాట లేదు. అదృష్టం ఏమిటంటే జనవరిలో సరదాగా పక్క వీధి కూడా ఒకసారి లెక్కపెట్టి పుస్తకం వెనక రాసుకున్నాను, 15. మర్నాడు పొద్దున్న వెళ్ళి చూస్తే 9. మాకు పెరిగింది 14, వాళ్ళకి తగ్గింది 6. అంటే నేను నిజంగా పెంచింది 8 అన్నమాట, మిగతావి మంచి ఇల్లు దొరికిందని సామాను సర్దుకుని వచ్చినవి. పెట్టెలు కట్టేవాళ్ళు చాలామంది వాటిలోకి పిట్ట దూరగానే ఫోటో తీసి విజయం అంటారు, నేనూ అనేవాణ్ణే. పక్కన ఎంత తగ్గిందో చూడకపోతే ఆ ఫోటోకి అర్థం లేదు.

2025 జనవరి 19

ఇంకో 14 పెట్టెలు వేలాడదీశాం, ఈసారి 10 కుండలు, 4 చెక్కవి. మొత్తం 26. పోయినసారి 12కి 9 నిండాయి కాబట్టి ఈసారి 19, 20 నిండాలి, గూటికి మూడు చొప్పున 60 పిల్లలు. రాసి పెట్టుకున్నాను, తర్వాత మాట మార్చకుండా. వసారాలో వరికంకుల కుచ్చులు కూడా కట్టాం, అమ్మ సంక్రాంతికి ముందే కట్టింది.

2025 ఫిబ్రవరి 22

ప్రాజెక్టుకి సంబంధం లేదనుకుని వెళ్ళాను, చాలా ఉందని తేలింది. మా స్నేహితుడి అత్తవారిది రుషికుల్య నది మొగ దగ్గర పొడంపేట, అక్కడి జాలర్లు మన తెలుగు వాళ్ళే. 2024లో అక్కడ సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి గుంపుగా ఒడ్డుకి రానే లేదు. ఈ ఫిబ్రవరిలో మాత్రం అధికారుల లెక్క దాదాపు 7 లక్షలకి వెళ్ళిందట. అటవీ శాఖ కంచె అవతలి నుంచే చూశాం. ఒక్కో ఆలివ్ రిడ్లీ తాబేలు వందకి పైగా గుడ్లు పెడుతుంది. మరి 7 లక్షల తల్లులకి ఇసుక చాలాలి కదా! చాలదు. మొన్న వచ్చిన తల్లి పూడ్చిన గుంటనే నిన్న వచ్చిన తల్లి తవ్వేస్తోంది, గుడ్లు పైకి ఎగజిమ్ముతున్నాయి, కాకులూ కుక్కలూ కాచుక్కూర్చున్నాయి, పగిలినవి ఇసుకలో కుళ్ళి పక్కవాటినీ పాడుచేస్తాయి. స్నేహితుడి మావగారు ఒక మాట అన్నారు, "జనం ఎక్కువైన సత్రంలో ఒకడి చాప మీద ఇంకొకడు పడుకుంటాడు బాబూ, ఇదీ అంతే." రాకాసి చేపలు తిన్నా, వలలో పడినా అది వేరు, ఇక్కడ తాబేలుకి తాబేలే అడ్డు.

తిరిగి వస్తూ అస్కా వైపు చుట్టు తిరిగి భెట్నోయి దగ్గర కృష్ణజింకల్ని చూశాం. అక్కడ కథ దీనికి ఎదురు. అడవి కాదు, సంరక్షణ కేంద్రం కాదు, రైతుల పొలాలు. ఆ జింకలు మేస్తే పంట బాగా పండుతుందని, వానలు పడతాయని ఊళ్ళవాళ్ళ నమ్మకం, అందుకని వేటాడనివ్వరు. 2011లో గంజాం జిల్లాలో 2,194 ఉన్నవి 2015కి 3,806, 2021కి 7,358 అయ్యాయి. మూత తీస్తే ఎంత పైకి పొంగుతాయో చూడండి. పొలం మాత్రం పెరగదు, ఆ సంగతి జింకలకి ఎవరు చెప్తారు.

2025 ఏప్రిల్ 30

నా అంచనా బోల్తా కొట్టింది. 26 పెట్టెల్లో 17 జంటలు చేరాయి, 9 ఖాళీ. ఖాళీ వాటిలో రెండింట్లో కందిరీగలు, ఒకదాంట్లో ఉడత పిల్లల్ని పెట్టింది, దాన్ని ఖాళీ చేయించే మనసు రాలేదు. సరే, 17 కూడా తక్కువేం కాదు. కానీ 66 గుడ్లలో ఎగిరింది 29. పోయినేడు 9 గూళ్ళ నుంచి 27, ఈ ఏడు 17 గూళ్ళ నుంచి 29. గూళ్ళు దాదాపు రెండింతలైనా పిల్లలు రెండే ఎక్కువ!

మొదట ఎండ అనుకున్నాను, థర్మామీటర్ పెట్టి చూశాను, కాదు. పిల్లి అనుకున్నాను, ఇంకా కాదు. చచ్చిన పిల్లలు గూటిలోనే ఉన్నాయి, దెబ్బల్లేవు, మరీ చిన్నగా ఎండిపోయి ఉన్నాయి. అప్పుడు బుద్ధి వచ్చి రోజూ అరగంట చొప్పున పెట్టెల ఎదుట కుర్చీ వేసుకుని తల్లులు నోట్లో ఏం తెస్తున్నాయో రాయడం మొదలుపెట్టాం, నేనూ మేనల్లుడూ. వీధి చివర ఇల్లు కట్టని ఖాళీ స్థలం ఒకటుంది, కలుపు మొక్కలు, తీగలు, ఎవరో వేసి వదిలేసిన చిక్కుడు పాదు. దానికి ముప్ఫై అడుగుల లోపలున్న 6 గూళ్ళకి పచ్చపురుగులు, చిన్న మిడతలు వస్తున్నాయి. వీధి మధ్యలో ఉన్న గూళ్ళకి? నూకలు, బ్రెడ్డు ముక్కలు, ఒకసారైతే మిక్చర్లోని సన్న కారప్పూస. పెద్ద పిచ్చుక గింజ తిని బతుకుతుంది కానీ పుట్టిన మొదటి వారం పిల్లకి పురుగే కావాలి, పాలు తాగే పిల్లకి పకోడీ పెడితే ఏమవుతుందో అదే అయింది.

విడగొట్టి చూస్తే ఖాళీ స్థలం పక్క 6 గూళ్ళ నుంచి 16 పిల్లలు, మిగతా 11 గూళ్ళ నుంచి 13.

నేను జనవరిలో గూళ్ళు పెంచాను, పురుగుల్ని పెంచలేదు. ఊళ్ళో పెళ్ళి విందు సంగతే ఇది: వంద మందికి అన్నం వండి అరవై అడ్డాకుల విస్తళ్ళే తెస్తే బంతిలో అరవై మందే కూర్చుంటారు, పరుగెత్తి ఇంకో యాభై విస్తళ్ళు తెచ్చావనుకో, ఇప్పుడు పప్పు చాలదు. పోయినేడు విస్తరి చాలలేదు, ఈ ఏడు పప్పు చాలలేదు.

పెట్టెలతో పిట్టల్ని చదివినవాళ్ళు మనకంటే ముందు చాలామంది ఉన్నారు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గర వైథమ్ అడవిలో డేవిడ్ లాక్ 1947లో గ్రేట్ టిట్ అనే పిట్ట మీద మొదలుపెట్టిన పరిశీలన ఇప్పటికీ నడుస్తోంది, వెయ్యికి పైగా పెట్టెలున్నాయి. జంటలు కిక్కిరిసిన ఏడు గూటికి పెట్టే గుడ్లే తగ్గుతాయని అలాంటి చోట్లే తేలింది. నా దగ్గరా గూటికి 4.3 గుడ్ల నుంచి 3.9కి దిగింది. రెండేళ్ళ చిన్న లెక్క, దీని మీద పెద్ద మాటలు చెప్పను, కానీ చూసి ఒళ్ళు ఝల్లుమంది.

2025 మే 4

ట్యూషన్‌లో సిలబస్ పక్కన పెట్టి వెర్హుల్స్ట్ గీత గీశాను. బెల్జియం లెక్కల మాస్టారు, 1838లో రాశాడు: జనాభా మొదట మెల్లగా, తర్వాత జోరుగా, చోటు నిండుతున్నకొద్దీ మళ్ళీ మెల్లగా పెరిగి ఒక ఎత్తు దగ్గర ఆగుతుంది. ఆ ఎత్తుని కె అంటారు. పెరుగుదల అన్నిటికంటే జోరుగా ఉండేది కె లో సగం దగ్గర. పిల్లలకి బాగా నచ్చింది, నాకే ఒక పేచీ ఉంది. పుస్తకంలో కె ఒక అడ్డగీత, రూలు కర్రతో గీసి వదిలేస్తాం. మా వీధిలో అది ఒకచోట నిలబడటం లేదు, మొదట చూరు సందులు పట్టుకున్నాయి, తర్వాత పురుగులు పట్టుకున్నాయి, ఏప్రిల్లో ఒక ఎత్తు, వానాకాలం వేరే ఎత్తు. తుఫాను లాంటిదైతే ఈ గీతకే లొంగదు, వీధిలో పది పిచ్చుకలున్నా వంద ఉన్నా తిత్లీ ఒకేలా కొట్టింది, వీధి చివర చింతచెట్టుని ఆ రాత్రే పడగొట్టింది.

2025 ఆగస్టు 24

మేలో చేసిన పని: ఐదిళ్ళ పెరళ్ళలో వంగకీ బెండకీ పురుగుమందు కొట్టొద్దని బతిమాలాను. అమ్మ నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, వంకాయలన్నీ పుచ్చులు. ప్రతి పుచ్చుకీ నేనే జవాబు చెప్పాల్సి వచ్చింది. గోడల వార గడ్డి పీకించడం ఆపేశాం, మామ్మ గారి మేడ మీద చిక్కుడు పందిరి వేశాం.

ఈలోగా వానలు పడి ఉసుళ్ళు లేచాయి. వానాకాలం విడతలో 15 గూళ్ళు, 38 పిల్లలు ఎగిరాయి, గూటికి రెండున్నర. మందు ఆపడం వల్లా, వానకి పురుగు పుట్టడం వల్లా? రెండూ ఒకేసారి జరిగాయి కాబట్టి నేను తేల్చలేను, తేల్చినట్టు రాస్తే ఆ పన్నెండో తరగతి అమ్మాయి ఊరుకోదు. వచ్చే ఏప్రిల్లో వాన లేని విడత చూస్తే కొంత తెలుస్తుంది.

వీధి లెక్క 58. ఒక్కటే చిరాకు, నేను పెరట్లో రోజూ పోస్తున్న నూకలకి పావురాలు, ఎలుకలు మరిగాయి, ఎలుకల వెనక ఒక పిల్లి మూడు పిల్లలతో దిగింది. మేత పెట్టాలన్న పుణ్యం నాది, విందు పిల్లిది. నూకలు ఆపేశాను. గంటెలు, అంటే సజ్జలు, గుప్పెడు, అదీ ఎత్తులో, పొద్దున్న మాత్రమే.

2025 నవంబర్ 16

వీధి లెక్క 44. పక్క వీధి 12. పోయిన నవంబర్‌కి మాది 36, వాళ్ళది 9. ఈసారి పెరిగినవి వలస కాదు, ఇక్కడ పుట్టినవే, ఆ మాత్రం గర్వపడతాను. కానీ వానాకాలంలో 58 ఉన్నవి 44కి ఎందుకు దిగాయి? పెట్టెలు ఖాళీగానే ఉన్నాయి, పొలాల్లో కోతల కాలం, గింజకి లోటు లేదు.

సాయంత్రం ఐదుంబావుకి వాటి వెనకే నడిచాం. వీధిలో పిచ్చుకలన్నీ, అంటే దాదాపు అన్నీ, రాత్రికి ఎదురింటి మామ్మ గారి గేటు మీద పాకిన కాగితం పువ్వుల తీగలోకి దూరుతున్నాయి. ముళ్ళుంటాయి కాబట్టి పిల్లి ఎక్కదు. గూడు పిల్లల కోసమే, కాపురం లేని రోజుల్లో గుంపుగా చెట్టులోనే పడుకుంటాయి. ఒకప్పుడు ఆ చింతచెట్టు ఉండేది, ఇప్పుడు ఈ ఒక్క తీగే. చీకటి పడేదాకా చోటు కోసం ఒకదాన్నొకటి తోసుకోవడం, చివరికి వచ్చినవి కరెంటు తీగ మీద కూర్చుని ఎటో ఎగిరిపోవడం కళ్ళారా చూశాను. ఎక్కడికి పోయాయో వెంబడించలేకపోయాం, చీకటి.

మామ్మ గారేమో గేటు వెడల్పు చేయిస్తున్నారు, మనవడు కారు కొన్నాడు, తీగ కొట్టేయాలి. గంటసేపు అరుగు మీద కూర్చుని చెప్పాను. ముందు రెట్టలు ఎవరు కడుగుతారని అడిగింది, నేనే కడుగుతానన్నాను. చివరికి అంది, "సంక్రాంతి దాకా ఆగుతాను బాబూ. ఆ తరవాత నీ చేతిలోనూ లేదు, నా చేతిలోనూ లేదు, మేస్త్రీ చేతిలో ఉంది."

మా గేటు పక్కన, పక్కింటి గోడ వార, ఖాళీ స్థలం మూలన మూడు కొమ్మలు నాటాం ఇవాళ. అవి పట్టినా ముళ్ళు గట్టిపడి గుబురు కావడానికి రెండేళ్ళు. జనవరి 17న మళ్ళీ లెక్క, రెండు వీధులూ, ఆరున్నరకి.